వీపు మీద చెయ్యి

తనిఖీకి వెళ్ళిన చోట నేను మొదట నమ్మనిది హాజరుపట్టీని. ఆ తర్వాత, నవ్వుతూ ఎదురొచ్చే యజమానిని. అందరికంటే ఎక్కువగా, ఉతికిన చీరల్లో వరసగా నిలబడ్డ ఆయాలని. బడి వదిలాక పిల్లల్ని చూసుకునే సాయంకాల కేంద్రాల్లో పదిమంది పిల్లలకి ఒక మనిషి ఉండి తీరాలని చట్టం వచ్చిందో లేదో, విజయవాడలో ఆయాల్ని అరువిచ్చే వ్యాపారం మొదలైపోయింది. నేను పటమటలో జీపు దిగేలోపే ఒక వ్యాను వచ్చి ఆయాల్ని దింపి పోతుంది. అక్కణ్ణించి నేను గుణదల వెళ్తే, అదే వ్యాను సందులన్నీ తిరిగి నాకంటే ముందు అక్కడికి చేరుతుంది. ఒకావిడ ఒకే రోజున మూడు కేంద్రాల్లో నాకు నమస్కారం పెట్టింది. మూడోసారి పెడుతూ ఆవిడకే నవ్వొచ్చింది, నాకూ నవ్వొచ్చింది. నోటీసు మాత్రం ఇచ్చే వచ్చాను.

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కాగితాలు పక్కనపడేసి, పిల్లలు ఆడుకునే చోట ఒక స్టూలు వేయించుకుని కూర్చుంటాను. కాసేపటికి ఎవరో ఒకరు పడతారు. పడ్డ పిల్ల ఏడుస్తూ లేచి, వరసలో నిలబడ్డ ఆయాలందర్నీ దాటుకుని ఒకరి దగ్గరికి పరిగెత్తుతుంది. ఆవిడ ఆ కేంద్రం మనిషి. మిగతావాళ్ళు వ్యాను మనుషులు. ఇన్నేళ్ళలో ఏ పిల్లా నన్ను తప్పుదోవ పట్టించలేదు.

ఈ సంగతి మా డైరెక్టరు గారి చెవిన పడింది. ఆయనకి ఏదైనా నచ్చిందంటే, దానికొక మీటరు బిగించేదాకా నిద్రపట్టదు. కొన్నాళ్ళకి ప్రతి కేంద్రంలోనూ గోడకో పెట్టె వెలిసింది. ఏ ఏడుపు ఎప్పుడు మొదలై ఎంతసేపు సాగిందో అది విని, లెక్కగట్టి మా ఆఫీసుకి పంపుతుంది. ఏడుపు ఎంత తక్కువైతే కేంద్రానికి అంత మంచి పేరు. నేను చూసేది పిల్లలు ఎవరివైపు పరిగెత్తుతున్నారని. పెట్టెకి కాళ్ళూ పరుగులూ ఏం తెలుస్తాయి? ఆ తేడా చెప్పబోతే డైరెక్టరు గారు, "మీ ఆలోచనే కదమ్మా ఇది" అని నా భుజం తట్టినంత పని చేశారు.

ఆ పెట్టెల్లో ఒకటి, ఆటోనగర్‌లోని 'వెన్నెల' కేంద్రంలోది, ఉన్నట్టుండి సున్నా చూపించడం మొదలుపెట్టింది. ఒకరోజు కాదు, వరసగా నెలంతా. చుట్టూ లేతు మిషన్లు, లారీల బాడీలు కట్టే షెడ్లు. అక్కడ పనిచేసేవాళ్ళ పిల్లలు అరవైమంది దాకా సాయంత్రం ఏడింటి వరకూ ఉండే చోటు. అరవైమందిలో ఒక్కరూ ఏడవని సాయంత్రం ఎక్కడైనా ఉంటుందా? పెట్టె చెడిపోయి ఉంటుందన్నాను. డైరెక్టరు గారు తల అడ్డంగా ఊపారు.

"పెట్టె బాగానే ఉందమ్మా. అక్కడ 'తోడు' అని కొత్త పరికరం పెట్టి చూడ్డానికి మనమే అనుమతిచ్చాం. అరవైమందికీ ఇద్దరే ఆయాలు. మీరు వెళ్ళి చూసి, బాగుందంటే పైవాళ్ళు చట్టం మారుస్తారు. పదికొకరు కాదు, నలభైకి ఒకరు చాలంటారు."

"ఇద్దరేనా సార్? నేనైతే ఆ కేంద్రం మూయిస్తాను."

"మూయించండి. ఈ చట్టం వచ్చాక సగం కేంద్రాలు మూతపడ్డాయి, మనుషులు దొరక్క. ఆ పిల్లలంతా ఎక్కడున్నారో తెలుసా? బయట తాళం వేసిన ఇళ్ళల్లో. వచ్చే శుక్రవారం సాయంత్రానికి మీ మాట కావాలి. మీరు సరేనంటే ఎవరూ ఎదురు చెప్పరు, మీ అనుమానం సంగతి అందరికీ తెలుసు కనక."

నా అనుమానాన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. అది కూడా నాకు అనుమానంగానే అనిపించింది.

వెన్నెల యజమాని ఫణీంద్ర నన్ను గేటు దగ్గరే అందుకుని కొబ్బరిబోండం చేతిలో పెట్టబోయాడు. నేను స్టూలు అడిగాను. పిల్లలు పరిగెడుతున్నారు, అరుస్తున్నారు, కొట్టుకుంటున్నారు కూడా. మత్తులో ఉన్న పిల్లల్లా లేరు. పెద్ద ఆయా నాగరత్నం ఒక మూల బేసిను ముందేసుకుని మరమరాలు కలుపుతోంది. రెండో ఆయా లోపల చిన్నవాళ్ళతో ఉంది.

కాసేపటికి జోసెఫ్ అనే కుర్రాడు, రెండో తరగతి వాడు, సిమెంటు మెట్టు మీద బోర్లాపడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. నేను నాగరత్నం వైపు చూశాను. వాడు ఎటూ చూడలేదు. కూర్చున్నచోటే కళ్ళు సగం మూసి, ఎవరికో ఆనుకున్నట్టు వీపు కాస్త వెనక్కి వాల్చాడు. ముఖంలో నొప్పి పోయింది. లేచి మళ్ళీ ఆటలో కలిసిపోయాడు. నెత్తురు మాత్రం మోకాలి నుంచి మేజోడులోకి దిగుతూనే ఉంది.

"చూశారా మేడమ్," అన్నాడు ఫణీంద్ర, తనే ఆ పిల్లాణ్ణి కన్నంత సంబరంగా. "ఏడుపన్న మాటే లేదు."

నేను జోసెఫ్‌ని పిలిచి మోకాలు కడిగాను. వాడి మెడ వెనక, జుట్టు మొదట్లో, బొట్టుబిళ్ళ కన్నా కాస్త పెద్దదొకటి అంటించి ఉంది. వేలితో తాకితే వెచ్చగా ఉంది.

నాగరత్నాన్ని పక్కకి పిలిచి, పిల్లలు ఎప్పుడూ ఇంతేనా అని అడిగాను.

"బిళ్ళలు పెట్టిన కాడ్నించీ ఇంతేనండి. మొదట్లో ప్రాణం హాయిగా ఉండేది. అప్పుడు ఆరుగురం ఉండేవాళ్ళం, అయినా సాయంత్రానికి చెవులు హోరెత్తిపోయేవి. ఇప్పుడు ఇద్దరమే, అయినా పొద్దు తెలీకుండా గడిచిపోద్ది." చేతికంటిన మరమరాలు దులుపుకుంది. "నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారండి. ముందు రత్నమ్మా, రత్నమ్మా అని చంపేసేవాళ్ళు."

నాకు తెలిసిన దొంగపని ఒకటుంది. కొన్ని కేంద్రాల్లో పాలల్లో దగ్గుమందు కలిపి పిల్లల్ని నిద్రపుచ్చుతారు. అందుకని వెన్నెలలో పాలు ఒక సీసాలో పట్టుకుపోయి పరీక్షకి పంపాను. అందులో ఏం దొరికిందంటే, నీళ్ళు. సగానికి సగం నీళ్ళు. మందు చుక్క కూడా లేదు. ఫణీంద్రకి పాల మీద ఒక నోటీసు ఇచ్చాను గానీ, నా మనసు కుదుటపడలేదు.

ఇక మిగిలింది బిళ్ళ, అదే 'తోడు'. దాన్ని కనిపెట్టిన డాక్టర్ కౌముది ప్రయోగశాల మంగళగిరి దారిలో ఒక పాత ధాన్యం గోడౌనులో ఉంది. నేను ఏసీ గదిలో కోటు తొడుక్కున్న మనిషిని ఊహించుకుని వెళ్ళాను. నలభై దాటిన ఒకావిడ, నలిగిన నూలుచీర, బల్ల నిండా తీగల మధ్య టీ గ్లాసులు. నేను ఒక మాట అనకముందే, "మీరు వకుళ గారు కదూ, పాలు పరీక్ష చేయించారట" అంది. తప్పుపడుతున్నట్టు లేదు. పైగా, "నేనైనా అదే చేద్దును" అంది.

"పిల్లలకి ఇది ఏం చేస్తోంది?" అన్నాను.

"చెప్తే నమ్మరు మీరు. కూర్చోండి."

నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి, మెడ వెనక బిళ్ళ అంటించి, తన అరచెయ్యి నా వీపు మీద వేసి చాలాసేపు అలాగే నిలబడింది. ఆ కాసేపట్లో బిళ్ళ నా ఒళ్ళు ఎలా కుదుటపడుతోందో నేర్చుకుంటుందట. తర్వాత చెయ్యి తీసేసి, బల్లకి అవతలికి వెళ్ళి, నాకు ఎదురుగా కూర్చుని టీ తాగడం మొదలుపెట్టింది. నేను ఏదో అడగబోతుండగా నా కుర్చీ పక్కన పెద్ద ఇనపరేకు దభీమని పడింది. ఆవిడే తాడుతో కట్టి ఉంచి, కూర్చున్నచోటి నుంచే వదిలిందట. గుండె ఝల్లుమంది. ఆ మరుక్షణమే నా వీపు మీద చెయ్యి పడింది. వెచ్చగా, బరువుగా, ఐదువేళ్ళూ తెలిసేలా. గుండె నెమ్మదించింది. వెనక్కి తిరిగి చూశాను, ఎవరూ లేరు. కౌముది ఎదురుగా టీ తాగుతూనే ఉంది.

నాకు హాయిగా ఉంది. నాకు నచ్చనిది కూడా అదే.

"నెలతక్కువ పిల్లల కోసం మొదలుపెట్టానండి," అంది కౌముది. "అద్దాల పెట్టెల్లో ఉంటారు కదా, తల్లులు ముట్టుకోవడానికి వీల్లేదు. తల్లి చెయ్యిని నేర్పించిన బిళ్ళ పెడితే నిద్రపోయారు, పాలు తాగారు, బరువు పెరిగారు. నా చేతుల్లోనే బతికిన పిల్లలున్నారు. ఆ తర్వాతే ఫణీంద్ర గారి లాంటి వాళ్ళు వచ్చారు. తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా కూర్చునే పిల్లకి తల్లి చెయ్యి ఉంటే తప్పేంటి, చెప్పండి."

"ఈ చెయ్యి మోకాలికి మందు రాస్తుందా?"

"రాయదు. దానికి ఆయా ఉంటుంది. భయం లేని పిల్లలు ఏడవరు, నోటితో చక్కగా చెప్తారు. ఏడుపు కన్నా అది నయం కాదూ?"

ఆ మాటలో నాకు తప్పేమీ దొరకలేదు. దొరికితే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చేసరికి మా ఆరేళ్ళ పిల్ల లహరి హాలు మధ్యలో కూర్చుని ఏడుస్తోంది. అది మామూలే. వాళ్ళ కేంద్రంలో ఎవరు ఎవర్ని గిల్లారో, ఎవరి పెన్సిలు ఎవరు విరగ్గొట్టారో, తనకి మూడో బిస్కెట్టు ఎందుకివ్వలేదో, అన్నీ ఏడుస్తూ పూసగుచ్చినట్టు చెప్పుకొస్తుంది. నేను కూరలు తరుగుతూ ఊ కొడతాను. నిజం చెప్పాలంటే ఆ సమయానికి నాలో ఊ కొట్టే ఓపిక కూడా ఉండదు. మా ఆయన సోమశేఖర్ గూడ్సు రైళ్ళ గార్డు. ఇంట్లో ఉన్న రోజు మాత్రం ఆయనే వింటారు.

"ఎవరి పిల్లల్నో చూసి నమ్మలేకపోతున్నావు కదా," అన్నారాయన, రాత్రి భోజనాల దగ్గర నేను సంగతంతా చెప్పాక. "మన పిల్లకి పెట్టి చూడు. అప్పుడైనా నమ్ముతావేమో. పెళ్ళిచూపులకి వచ్చిన రోజున, రైల్వేలో ఉద్యోగమంటే నమ్మక, పాసు చూపించమన్న మనిషివి నువ్వు."

"చూపించారు కాబట్టే చేసుకున్నాను. లేకపోతే ఏమయ్యేవారో."

"సుఖంగా ఉండేవాణ్ణి," అని ఆయన మజ్జిగ పోసుకున్నారు.

మర్నాడు లహరిని తీసుకుని మళ్ళీ మంగళగిరి దారి పట్టాను. బిళ్ళని ఊరికే తీసుకుంటే లంచమవుతుందేమోనని, వారం రోజుల పరీక్షకని రసీదు రాయించుకున్నాను. కౌముది నవ్వుకుంటూ రాసిచ్చింది. బిళ్ళ నేర్చుకోవడానికి నేను లహరి వీపు మీద చెయ్యి వేసి అరగంట కూర్చోవాల్సొచ్చింది. పిల్ల మొదట కబుర్లు చెప్పింది, తర్వాత మెల్లగా ఊరుకుని నా మోకాలికి తల ఆనించింది.

"అమ్మా, రోజూ ఇక్కడికి వద్దామా? ఇక్కడైతే నువ్వు లేచి వెళ్ళవు," అంది.

నాకు ముఖం చెల్లలేదు. కౌముది చూడనట్టు తీగలు సర్దుకుంది.

ఆ వారం మా ఇల్లు నేనెరగని ఇల్లైపోయింది. లహరి పేచీ పెట్టకుండా స్నానం చేసింది. తన మంచం మీద తనే పడుకుని, దీపం ఆర్పినా పిలవకుండా నిద్రపోయింది. కేంద్రం నుంచి రాగానే హాలు మధ్యలో కూర్చోవడం పోయింది, కూర్చున్నా ఏడవడం పోయింది. బొమ్మలు వేసుకునేది, అప్పుడప్పుడూ వీపు వెనక్కి వాల్చి చిన్నగా నవ్వుకునేది. కేంద్రంలో ఏం జరిగిందని అడిగితే "ఏం లేదు" అనేది. నేను కూరలు తరిగి, వంట ముగించి, సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. పెళ్ళయ్యాక అలా కూర్చున్న గుర్తు లేదు.

నా అనుమానం మీద నాకే అనుమానం వచ్చింది. నలభైకి ఒకరు చాలేమో అని మొదటిసారి అనిపించింది. నాలాంటి తల్లులు ఎంతమంది కాళ్ళు చాపుకుంటారో కదా అనుకున్నాను. బుధవారం నాడు డైరెక్టరు గారు ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నట్టుంది సార్" అనేశాను. "రాసిచ్చేయండి మరి" అన్నారు. శుక్రవారం దాకా గడువుంది కదా అని ఆగాను. ఎందుకు ఆగానో అడిగితే చెప్పలేను. తొందరగా సరేననడం నాకు అలవాటు లేదు, అంతే.

శుక్రవారం పొద్దున లహరిని లేపబోతే దిండు మీద పసుపుపచ్చ మరక కనిపించింది. చెవిలోంచి చీము కారి జుట్టుకి అంటుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. పిల్ల మాత్రం కళ్ళు తెరిచి నాకేసి మామూలుగా చూసింది. మా ఆయన బండి తీశారు, ఇద్దరం ఆసుపత్రికి పరిగెత్తాం.

చెవి డాక్టరు లైటు వేసి చూసి, తల పైకెత్తి నన్ను చూశాడు. "కర్ణభేరి పగిలిందమ్మా. రెండు మూడు రోజుల ముందే నొప్పి మొదలై ఉండాలి. ఈ నొప్పికి పెద్దవాళ్ళే గోడలెక్కుతారు. పిల్ల ఏడవలేదా?"

"లేదండీ," అన్నాను. ఊళ్ళో ప్రతి కేంద్రాన్నీ పిల్లల్ని సరిగా చూడలేదని నిలదీసేదాన్ని నేను.

చెవిలో వేసిన మందు నానేదాకా బయట బల్ల మీద కూర్చోమన్నారు. లహరిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. కోపం వస్తోంది, ఎవరి మీదో తెలీదు.

"ఇంత నొప్పి పెడుతుంటే చెప్పలేదేమే తల్లీ?"

అది నాకేసి వింతగా చూసింది. "నీకు తెలుసుగా."

"నాకెలా తెలుస్తుంది?"

"నువ్వు నా వెనకే ఉన్నావుగా అమ్మా. చెవి నొప్పెట్టినప్పుడల్లా చెయ్యి వేశావుగా." కాసేపు నా గాజులతో ఆడుకుంది. "తెలిసి కూడా నువ్వేం చెయ్యట్లేదు. నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నా."

నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఏడ్చాను కూడా, ఆసుపత్రి వరండాలో, అందరూ చూస్తుండగా. ఏడుస్తూనే దాని మెడ వెనక బిళ్ళ పీకేశాను. లహరి ఉలిక్కిపడి గభాల్న వెనక్కి తిరిగింది.

"అమ్మ ఏది?" అంది.

నేను ఎదురుగానే ఉన్నాను. నా ఒళ్ళోనే కూర్చుని, వరండా చివరిదాకా వెతుకుతోంది. ఆయన వచ్చి పిల్లని భుజాన వేసుకున్నారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. "దీన్ని నేను చూసుకుంటాను. నువ్వు ఆటోనగర్ వెళ్ళు," అన్నారు. "అక్కడ అరవైమంది ఉన్నారన్నావు."

కౌముదికి ఫోన్ చేసి వెన్నెలకి రమ్మన్నాను. ఎందుకని అడిగింది. వస్తే చెప్తానన్నాను. ఆవిడ వచ్చేసరికి బడులు వదిలి పిల్లలు కేంద్రానికి చేరిపోయారు. గోడ మీద పెట్టె ఎప్పటిలాగే సున్నా చూపిస్తోంది. జరిగింది చెప్తే కౌముది నమ్మలేదు. "నొప్పిని ఆపదండీ అది, భయాన్నే ఆపుతుంది. నొప్పి ఉంటే పిల్ల చెప్పాలి కదా," అని రెండుసార్లు అంది. ఆవిడ తప్పు వెతుక్కుంటోంది గానీ నాతో వాదించట్లేదని నాకు అర్థమైంది.

"అడిగి చూద్దాం," అన్నాను.

ఫణీంద్ర అడ్డొచ్చాడు. "మేడమ్, ఇలాంటివి అడిగితే పిల్లలు లేనిపోనివి కల్పించి చెప్తారు. మీకు తెలీనిదేముంది."

"తెలుసు. అందుకే దగ్గర కూర్చుని వింటాను."

ఆటలు ఆపించి పిల్లలందర్నీ చాపల మీద కూర్చోబెట్టాం. నేను కూడా కింద కూర్చున్నాను. గొంతు పెద్దది చెయ్యకుండా అడిగాను. "మీలో ఎవరికైనా ఎక్కడైనా నొప్పిగా ఉందా? ఎవరికైనా ఏదైనా బాధగా ఉందా?"

ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఫణీంద్ర ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. చివరికి జోసెఫ్ చెయ్యెత్తాడు.

"అమ్మకి తెలుసండి. మళ్ళీ మీకూ చెప్పాలా?"

"చెప్పు నాన్నా. అమ్మకి తెలీదు. నాకూ తెలీదు."

వాడు ఆ మాట నమ్మడానికి కాసేపు పట్టింది. తర్వాత చెప్పు విప్పి పాదం చూపించాడు. మడమలో ఇనపముక్క దిగి చుట్టూ నల్లబడింది. నాగరత్నం "ఓరి నాయనో" అంటూ బేసిను కింద పెట్టేసింది. వాడు మాత్రం ఆ పాదం ఎవరిదో అన్నట్టు చూపిస్తున్నాడు.

తర్వాత ఇంకో చెయ్యి లేచింది. పన్ను నొప్పి. ఇంకొకటి. ఉచ్చ పోస్తుంటే మంట. తాతయ్య చచ్చిపోయాడు, ఇంటికి మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలీదు. నాన్న రాత్రి అమ్మని కొట్టాడు. నాకు అన్నం సరిపోవట్లేదు. ఒక్కరి గొంతూ వణకలేదు, ఒక్క కంట నీరు లేదు. చేతులు వరస వెంట లేస్తూనే ఉన్నాయి. కౌముది గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

చివరి వరసలోంచి ఒక పాప లేచొచ్చి, నా చెవిలో చెప్తానంది. చెప్పింది. ఆ పాపనీ కొందరు పిల్లల్నీ రోజూ ఇంటి దగ్గర దింపే వ్యాను డ్రైవరు గురించి. అది ఇక్కడ రాయను. చాన్నాళ్ళుగా జరుగుతోంది. ప్రతిసారీ అమ్మ వీపు మీద చెయ్యి వేసిందట, అందుకని అరవలేదట. పాపని ఒళ్ళోంచి దించకుండానే పోలీసులకి ఫోన్ చేశాను. గేటుకి తాళం వెయ్యమని నాగరత్నానికి చెప్పాను. "మేడమ్, కేంద్రం పేరు బయటికి రాకుండా చూడండి," అంటూ ఫణీంద్ర నా చుట్టూ తిరిగాడు. అతన్ని కొట్టకుండా ఆగినందుకు ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

పోలీసులు వచ్చి, ఆవరణలో ఉన్న వ్యాను దగ్గర నుంచి డ్రైవర్ని తీసుకుపోయారు. ఆ పాప తల్లిని లేతుషెడ్డు నుంచి పిలిపించి, పాపని ఆవిడకి అప్పగించారు. ఆవిడ పిల్లని పట్టుకున్న తీరు చూసి కౌముది కదిలింది. ఒక్కో పిల్ల వెనక్కీ వెళ్ళి, మెడ మీద బిళ్ళలు తడిగుడ్డతో నెమ్మదిగా ఊడదీయడం మొదలుపెట్టింది. తన చేతిలో బతికిన పిల్లల గురించి అన్నప్పుడు ఆవిడ ముఖం ఎలా వెలిగిందో నాకు గుర్తుంది. ఆవిడ మీద నాకు కోపం రావాలి గానీ, జాలేసింది.

ఊడదీశాక కూడా పిల్లలు ఏడవలేదు. ఒకసారి వెనక్కి చూసుకుని, మళ్ళీ చేతులెత్తి తమ వంతు కోసం కూర్చున్నారు. రెండో ఆయా చిన్నవాళ్ళని చూస్తోంది. వినడానికి మిగిలింది మేము ముగ్గురం. నేనూ, నాగరత్నమూ, కౌముదీ తలా ఒక చాప మీద కూర్చుని ఒక్కొక్కరినే దగ్గరికి పిలిచాం. ఒక పిల్ల చెప్పేది సగంలో ఆపి ఇంకో పిల్లని విననూ లేం, ముగ్గురు చెప్పేది ఒకేసారి విననూ లేం. ఒక బాబు పెన్సిలు పోయిన సంగతి చాలాసేపు చెప్పి, లేవబోతూ, మూడు రోజులుగా చెయ్యి పైకి లేవట్లేదని చెప్పాడు. పెన్సిలు దగ్గరే లేపేసి ఉంటే ఆ చెయ్యి సంగతి తెలిసేది కాదు. పని దిగి వచ్చిన తల్లిదండ్రులు గేటు అవతల గుమిగూడారు. లోపలికి రమ్మన్నాం. కొందరు తమ పిల్లలు చెప్పేది విని అక్కడే కూలబడ్డారు.

డైరెక్టరు గారు ఫోన్ చేశారు. గడువు దాటిపోయిందన్నారు.

"రాతలు తర్వాత చూసుకుందాం అమ్మా. నలభైకి ఒకరు చాలునా, చాలదా? ఒక్క ముక్క చెప్పండి, పైవాళ్ళు లైన్లో ఉన్నారు."

"ఇక్కడ అరవైమంది పిల్లలున్నారు సార్. వినడానికి ముగ్గురం కూర్చున్నాం. సగం మంది కూడా కాలేదు."

"ఏమైంది అక్కడ? మీ పెట్టె ఇప్పటికీ సున్నా చూపిస్తోందే?"

"అవును సార్," అన్నాను. "ఏడవకుండానే చెప్తున్నారు."

ఆయన ఏదో అంటున్నారు. జడలు వేసుకున్న ఒక పిల్ల నా ఎదురుగా కూర్చుని, మొదలుపెట్టనా అన్నట్టు చూస్తోంది. నేను ఫోన్ పెట్టేశాను.